కింద జాగా వదలండి

నేను మన బ్రాంచిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. ఈ పేజీలో మామూలుగా పరీక్షల తయారీ గురించో, చదివే అలవాటు గురించో ఉంటుంది. ఈ నెల ఒక గోడ గురించి రాస్తున్నాను. ఇందులో ఒక పిల్లాడి తప్పుంది, నా తప్పు కూడా ఉంది.

సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి సోమవారం. సైకిల్ స్టాండ్ వెనక గోడ మీద నల్ల మార్కరుతో ఇంగ్లిష్‌లో ఒక పేరు రాసి ఉంది. బెలూన్లలా ఉబ్బిన అక్షరాలు, ఒకదాని మీద ఒకటి వాలిపోయినట్టు. పక్కనే ఒక నంబరు. అది మన స్కూల్ బస్సు నంబరు కాబట్టి ఎవరు రాశారో కనిపెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తొమ్మిదో తరగతి అబ్బాయి. మా బుచ్చయ్యపేట వైపు నుంచే వస్తాడు. నేను ఎక్కే బస్సే.

అసెంబ్లీలో అందరి ముందూ నిలబెట్టాను. టర్పెంటైన్, పాతబట్ట ఇచ్చి తుడిపించాను. సగమే పోయింది. సాయంత్రం వాళ్ల నాన్నగారిని పిలిపించాను. చెరకు నరుకుతున్న రోజులు. ఫ్యాక్టరీకి లోడు వెళ్లాల్సిన పని ఆపుకుని వచ్చారాయన. చేతుల మీద చెరకు ఆకు కోసిన గీతలు ఉన్నాయి. "ఫీజు కట్టి వారం కాలేదు మేడంగారూ, గోడలు పాడుచెయ్యడానికా పంపింది? నాలుగు తగిలించండి, నేనేమీ అనుకోను" అన్నారు. అబ్బాయి నేల చూశాడు. ఆ తరవాత పది రోజులు క్లాసులో వాడి నోట మాట లేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడేవాడు, అంతే.

పదో రోజో, పదకొండో రోజో నోట్సులు దిద్దుతుంటే వాడి ఇంగ్లిష్ నోట్సు చివరి పేజీలు తిరగేశాను. ఒకే అక్షరం ఉంది, పేజీ నిండా. వరసకి ఎనిమిది, ఐదు వరసలు. మొదటి వరసలో పొట్ట మరీ లావైంది. రెండో దాంట్లో తగ్గించాడు. మూడో దాంట్లో నీడ వేశాడు, అది తప్పు పక్కకి పడింది. నాలుగో దాంట్లో సరిచేశాడు. వ్యాసం రెండోసారి రాసుకురమ్మంటే ఏ రోజూ రాయని పిల్లాడు, ఎవరూ అడగకుండా ఒకే అక్షరాన్ని నలభైసార్లు దిద్దుకున్నాడు. నేను అందరి ముందూ తుడిపించింది దీన్ని.

గోడ మీద రాయడం తప్పే. ఆ మాట ఇప్పటికీ మార్చుకోను. ఎందుకు రాశాడో మాత్రం నేను అడగలేదు.

మర్నాడు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోమన్నాను. నోట్సు చూశానని చెప్పాను. మళ్లీ తిడతాననుకుని సంచి గట్టిగా పట్టుకున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావురా?" అంటే ఫోన్‌లో వీడియోలు చూసి అన్నాడు. ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క గీతలో సంతకంలా పేరు రాసేస్తే అది ట్యాగ్. లావు అక్షరాలు, ఒకటి రెండు రంగులతో త్వరగా అయిపోయేది త్రోఅప్. తీరిగ్గా, చాలా రంగులతో చేసేది పీస్. అక్షరాలు ఒకదాంట్లో ఒకటి మెలికలు తిరిగి, తెలిసినవాళ్లకి తప్ప చదవడానికి రానిది వైల్డ్‌స్టైల్. పది రోజులు మూగగా ఉన్నవాడు వడ్డాది దాటేదాకా ఆపకుండా మాట్లాడాడు.

నేనూ కొంత చదివాను. ఈ రాతలు అమెరికాలో 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలోను, ఆ వెంటనే న్యూయార్క్‌లోను మొదలయ్యాయి. న్యూయార్క్‌లో ఉత్తరాలు, పొట్లాలు అందించే పని చేసే ఒక కుర్రాడు తన ముద్దుపేరు టాకి, తన వీధి నంబరు 183 కలిపి వెళ్లిన చోటల్లా రాశాడు. 1971 జులై 21న న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని మీద వార్త వేసింది. ఆ తరవాత వందలమంది పిల్లలు పేరు పక్కన నంబరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. మా వాడు పేరు పక్కన బస్సు నంబరు ఎందుకు రాశాడో నాకు అప్పుడర్థమైంది. తను ఎవరో, ఎక్కడివాడో నలుగురూ చదవాలి. ఆ వయసు పిల్లల కోరిక అది. తరగతిలో నలభై మంది ఉన్నచోట మార్కులు రానివాడి పేరు ఎవరు చదువుతారు?

"మరి తెలుగులో రాయవేం?" అని అడిగాను.

"తెలుగుకి కింద తోకలొస్తాయి మేడం. స్టైల్ రాదు."

వత్తుల్ని తోకలన్నాడు. ఇంగ్లిష్ టీచర్నే అయినా నాకు కాస్త పౌరుషం వచ్చింది. ఆ మధ్యాహ్నం లంచ్‌లో బోర్డు మీద మా ఊరి పేరు లావు అక్షరాలతో వేసి చూపిస్తానన్నాను. బీఈడీలో నల్లబల్ల వాడే నైపుణ్యం మీద మాకు ప్రత్యేకంగా తరగతులు ఉండేవి. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ధీమాతో 'బుచ్చయ్యపేట' మొదలుపెట్టాను. రెండో అక్షరానికే కింద చోటు చాలలేదు. చ వత్తు బోర్డు అంచుకి తగిలి సగం విరిగింది. య వత్తు వెళ్లి 'పే' పొట్టలో దూరింది. వాడు నవ్వాడు. గోడ తుడిపించిన తరవాత వాడు నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఒక్కసారి మా ఊరి పేరు చూడండి. 'బు'కి కొమ్ము పక్కకి పోతుంది. 'చ్చ'కి వత్తు కిందకి దిగుతుంది. 'య్య'కి వత్తు కింద మొదలై కుడివైపు తిరుగుతుంది. 'పే'కి ఏత్వం పైకి లేస్తుంది. 'ట' ఒక్కటే ఎవరి జోలికీ పోకుండా కూర్చుంటుంది. ఐదు అక్షరాల పేరు, మూడు దిక్కులకీ పరుగు. ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో, ఒకే గీత మీద నిలబడతాయి. నిలువు కడ్డీలు, అడ్డ కడ్డీలు పేర్చినట్టు ఉంటాయి. ఆ వీడియోల్లో చెప్పే పద్ధతి వాటికి సరిపోతుంది. మన అక్షరాలు గుండ్రం. తాటాకు మీద గంటంతో నిలువుగా, అడ్డంగా గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి మన లిపి గుండ్రంగా తిరిగిందని చెబుతారు. కడ్డీలతో మొదలుపెడితే మన అక్షరం రాదు.

అయితే ఎలా? మాకిద్దరికీ తెలియదు. తెలిసినాయన ఊళ్లోనే ఉన్నారు. మా వీధి చివర ఒక తాతగారు ఒకప్పుడు బోర్డులు రాసేవారు. కిరాణా కొట్ల పేర్లు, ట్రాక్టరు వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడలు, అన్నీ. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు గేట్లకి రంగులు వేస్తారు. ఆదివారం అబ్బాయిని, వాడితోపాటు వాళ్ల నాన్నగారిని కూడా రమ్మన్నాను. నోట్సు తీసి తాతగారికి చూపించాం. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"సెయ్యి ఉంది గుంటడికి. ముందల కిందన జాగా ఒగ్గాల. తరవాతే అచ్చరం ఎయ్యాల. నువ్వు అచ్చరం ఎట్టేసి, వత్తుకి జాగా ఎతుక్కుంతన్నావు" అన్నారు.

వాళ్ల నాన్నగారు గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. కొడుకుని ఒకరు మెచ్చుకోవడం ఆయనకి కొత్తలా ఉంది.

ఆ రోజు, ఆ తరవాత మూడు ఆదివారాలు మేమిద్దరం నేర్చుకున్నది ఇక్కడ వరసగా పెడుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి చివరి పేజీలు ఉండవచ్చు.

మొదట పెన్సిలు, గళ్ల కాగితం. రంగుల జోలికి పోవద్దు. మూడు వరసలు గీయాలి. పై వరస గుడులకి, ఏత్వాలకి. మధ్య వరస అక్షరానికి. కింది వరస వత్తులకి. వత్తు లేని పేరైనా కింది వరస ఉంచాలి. మధ్య వరస ఎంత ఎత్తుంటే కింది వరస కనీసం అందులో సగం ఉండాలి.

తరవాత సున్న. తాతగారు మా చేత మొదటి ఆదివారం అంతా సున్నలే వేయించారు. చెయ్యి ఎత్తకుండా, మణికట్టు కదపకుండా, మోచేతి నుంచి తిప్పుతూ. నాకు ఇరవై సున్నలకే భుజం లాగింది. సున్న కుదిరితే ర, ఠ, ద, వ అన్నీ దాని పిల్లలే అన్నారు.

మూడోది, అక్షరం మామూలుగా ఎలా ఉంటుందో అలా సన్నగా రాసుకోవడం. అది ఎముక. దాని చుట్టూ సమానమైన దూరంలో గీత తిప్పితే ఒళ్లు వస్తుంది. ఆపైన ఎముకని చెరిపేయాలి. పిల్లలు చేసే పొరపాటు ఎముక లేకుండా నేరుగా ఉబ్బిన అక్షరం వేయడం. ఇక్కడే తెలుగులో ఒక ప్రమాదం ఉంది. 'ప'కి 'వ'కి మధ్య తేడా ఒక చిన్న సందు. లావు చేసే తొందరలో ఆ సందు పూడిపోతే ఒకటి ఇంకోటి అయిపోతుంది. 'ద' కింద చిన్న గీత చేరితే 'ధ'. ఆ 'ధ' కడుపులో చుక్క పడితే 'థ'. సోకులు ఎన్ని చేసినా ఈ సందుల్ని, చుక్కల్ని ముట్టుకోకూడదు. ఇది చెబుతున్నప్పుడు నాకు మన పిల్లల తెలుగు నోట్సులు గుర్తొచ్చాయి. తొమ్మిదో తరగతికి వచ్చినా ధ, థ తడబడే పిల్లలు మన దగ్గర ఉన్నారు. మా వాడూ అందులో ఒకడు. లావుగా వేయాల్సి వచ్చాక ఆ తేడా వాడికి కంటితో తెలిసింది.

నాలుగోది నీడ. వెలుగు ఒక పక్కనుంచే వస్తుందనుకోవాలి. ఎడమ పైనుంచి వస్తోందనుకుంటే ప్రతి అక్షరానికీ కుడివైపు, కిందివైపు నీడ. వత్తులకి కూడా. మధ్యలో మనసు మార్చుకోకూడదు. నేను 'య్య' దగ్గర మార్చుకున్నాను, అక్షరం పడిపోతున్నట్టు కనబడింది.

ఆఖరున రంగు. లోపల లేత రంగు, అంచుకి ముదురు రంగు. మొదట్లో రెండే చాలు. స్ప్రే డబ్బాలు పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పెద్దవాళ్లు కూడా ఆరుబయట, తగిన మాస్కు పెట్టుకునే వాడాలి. కాగితానికి స్కెచ్ పెన్నులు, నేలకి సుద్దముక్కలు, గోడకి నీళ్లతో కలిపే రంగు, బ్రష్షు సరిపోతాయి.

చూసి నేర్చుకోవడానికి మంచి తెలుగు అక్షరాలు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మీ పిల్లల పేరు ఒక్కో ఫాంటులో పెద్దగా ప్రింట్ తీసి ఇవ్వండి. ఒకే 'అ' ఎన్ని రకాలుగా నిలబడుతుందో చూస్తారు. మీ ఇంట్లో పాత శుభలేఖలుంటే తీయండి. బాపు గారి చేతిరాతని చూసి చేసిన అక్షరాలు చాలావాటిలో ఉంటాయి. ఒక మనిషి చేతిరాత ఊరూరా శుభలేఖల మీదకి ఎక్కిందంటే, అక్షరానికి ఎంత సొగసు పట్టించవచ్చో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక గోడ సంగతి. ఫిబ్రవరిలో ప్రిన్సిపల్ గారి దగ్గరికి అబ్బాయిని తీసుకెళ్లాను. మాట నేను మాట్లాడలేదు, వాడి చేతే అడిగించాను. "ఆ గోడ నేనే పాడుచేశాను సార్. నేనే బాగుచేస్తాను. సగం గోడకి పర్మిషన్ ఇవ్వండి" అన్నాడు. కాగితం మీద నమూనా చూపించమన్నారు. చూపించాడు. రెండు రోజులు ఆగి ఒప్పుకున్నారు, ఆవరణ లోపలి వైపు మాత్రమే అన్న షరతుతో.

ఈ అడగడం అన్నది పిల్లలకి ముందే చెప్పాల్సిన పాఠమని ఇప్పుడు అనుకుంటున్నాను. బహిరంగ స్థలాలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అడిగి వేసినవాళ్లకి ఎంత చోటు దొరుకుతుందో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గర ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు అక్కడి ఇళ్ల గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేయించారు. వేసినవాళ్లలో స్వాతి, విజయ్ అనే మన తెలుగు దంపతులు కూడా ఉన్నారు. ఇరుకు సందుల బస్తీని చూడటానికి జనం వెతుక్కుంటూ వెళ్లారు. మన విశాఖలో బీచ్ రోడ్డుకి వెళ్లినప్పుడు గోడల మీది బొమ్మలు మీరూ చూసే ఉంటారు. అవి అనుమతితో పగటిపూట వేసినవి, రాత్రి ఎవరూ చూడకుండా గీసి పారిపోయినవి కావు.

శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. తాతగారు కూడా వచ్చారు. గోడకి తెల్ల రంగు పూసి ఆరనిచ్చారు. దారానికి నీలం పొడి పూసి ఇద్దరి చేత చెరో చివరా పట్టించి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడింది. అలా మూడు వరసలు. "మధ్య అచ్చరం ముందల ఎయ్యి" అన్నారు. ఎడమనుంచి మొదలుపెడితే చివరికి చోటు చాలదట. ఐదు అక్షరాల్లో మూడోది 'య్య'. కష్టమైనదే ముందు వచ్చింది. వాడు మెట్ల బల్ల ఎక్కి, మోచేతి నుంచి తిప్పి, వత్తుని కింది వరసలోంచి కుడివైపుకి మెల్లగా లాగాడు. 'పే'కి తగలకుండా ఆపాడు. ఆ వత్తుకి నీడ కూడా సరైన పక్కకే పడింది.

వాళ్ల నాన్నగారు ఆ రోజు పిలవకుండానే వచ్చారు. కొడుకుతో ఏమీ అనలేదు. రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డారు. అయిపోయాక గోడకి కొంచెం దూరం వెళ్లి, మా ఊరి పేరుని గట్టిగా ఒకసారి చదివారు.

దీనివల్ల వాడి మార్కులు పెరిగాయని చెప్పను. లెక్కల్లో ఇంకా వెనకే ఉన్నాడు. క్లాసులో మాత్రం మాట్లాడుతున్నాడు. వ్యాసం రెండోసారి రాసుకురమ్మంటే రాస్తున్నాడు, సణుగుతూనే అనుకోండి. అందరి ముందూ తుడిపించినందుకు నేను వాడికి క్లాసులోనే, అందరి ముందే క్షమాపణ చెప్పాను. తప్పు దిద్దడం ఒక పని, పిల్లాడిని నలుగురిలో చిన్నబుచ్చడం ఇంకో పని. ఆ రోజు నేను రెండూ కలిపేశాను.

ఇంకొక్క మాట, ముఖ్యంగా తల్లులకి. మెలికల ముగ్గు వేసే అమ్మలు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారు. గీత గీతని దాటుకుంటూ, ఎక్కడా తెగకుండా, మళ్లీ మొదటికి వచ్చి కలవడం మీకు చేతిలో పని. పిల్లలు ఫోన్‌లో చూసి ఆశ్చర్యపోయే వైల్డ్‌స్టైల్‌లో కష్టమంతా అదే. ఒక ఆదివారం పొద్దున్న వాళ్లకి ఒక సుద్దముక్క ఇచ్చి, మీ ముగ్గు పక్కనే వాళ్ల పేరు తెలుగులో లావుగా వేయమనండి. మీ వాకిలి కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాగా రాకపోతే చెంబుడు నీళ్లు చాలు, మర్నాడు మళ్లీ వేసుకోవచ్చు. మొదటిసారి వత్తులు చోటు చాలక ఇరుక్కుంటాయి. అప్పుడు వెంటనే దిద్దకండి. కింద జాగా వదలమని మాత్రం చెప్పండి.

ఈసారి పేరెంట్ మీటింగుకి వచ్చినప్పుడు సైకిల్ స్టాండ్ వైపు ఒకసారి వెళ్లి చూడండి. సగం గోడ ఇంకా తెల్లగానే ఉంది. మీ ఊరి పేరు కూడా అడుగుతున్నారు పిల్లలు. చోడవరం రాయడానికి ఎనిమిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు ఇప్పటికే గళ్ల కాగితాలు తెచ్చుకున్నారు. దానికి వత్తులు లేవు కదా, కింద వరస ఎందుకని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే మా వాడు చెప్పేశాడు.

"వత్తు లేకపోయినా నీడ పడాలి కదా. ముందు కింద జాగా వదలండి."